కుయిల్‌పార దయ్యం వ్రాయునది ఏమనగా

పాలా,
శుక్రవారం

నా ఏలిక్కుట్టికి,

ప్రభువుకు స్తోత్రం. ముందుగా ఒక సంగతి: నేను బతికే ఉన్నాను. ఉత్తరం రాస్తోందంటే బతికే ఉన్నట్టు కదా, దీనికి మతి పోయిందా అని నువ్వు కళ్లజోడు సర్దుకుంటావని తెలుసు. కానీ పోయిన వారం నుంచి ఈ మాట కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పుకోవలసి వస్తోంది. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావేమో. నీకు చెవులు అంతంతమాత్రం. నీ కోడలు జాన్సీ స్పీకర్ పెడుతుంది. ఇక నా పరువు సంగతి త్రిశూర్ అంతా మాట్లాడుకుంటారు. అందుకే ఇలా తీరిగ్గా రాస్తున్నాను. మీ ఆయన ఇట్టూప్ డాక్టర్ సంవత్సరీకం పూజకి రాలేకపోయాను, మోకాళ్లు మొరాయించాయి, అది మనసులో పెట్టుకోకు.

మా చర్చి మాతృసంఘం ఆడవాళ్లు బస్సు మాట్లాడుకుని విహారయాత్ర పెట్టారు. ఎక్కడికని అడగకుండా కిటికీ పక్క సీటు దొరికిందన్న సంతోషంతో ఎక్కి కూర్చున్నాను. సగం దారిలో వెనక సీటు ఓమన అరటికాయ చిప్స్ నములుతూ, "దయ్యాల ఆస్పత్రికి వెళ్తున్నాం చేచ్చీ, మీ గుండె గట్టిదేనా?" అంది. "జర్మనీలో ఇరవై ఏళ్లు శవాలకి స్నానాలు చేయించానమ్మా, నా గుండెకేం" అన్నాను. బస్సు టీ తోటల్లో మెలికలు తిరిగి తిరిగి ఆగింది. దిగి చూద్దును కదా, అది మన కుయిల్‌పార ఎస్టేట్ ఆస్పత్రి! చదువు అవగానే మనిద్దరం చేరి, ఒకే గదిలో పక్కపక్క మంచాల మీద చలికి వణుకుతూ పనిచేసిన ఆస్పత్రి! ఎప్పుడో మూతపడిందని తెలుసుగానీ, మ్యూజియం అయిందని, అందులో దయ్యం కూడా ఉందని నాకు తెలియదు.

లోపల చూస్తే ఒళ్లు మండిపోయింది ఏలీ. డ్రెస్సింగ్ ట్రే అద్దాల పెట్టెలో పెట్టి కింద "దొరగారి క్షౌరపు గిన్నె" అని రాశారు. ఎనిమా డబ్బా పక్కన "ప్రాచీన కాఫీ పాత్ర" అని ఉంది. మా సంఘం అధ్యక్షురాలు దాన్ని చూసి, "ఎంత ముద్దుగా ఉందో, ఇలాంటిది మా ఇంట్లో ఉంటే బాగుండు" అంది. నేను నోరు మూసుకున్నాను. ఆ రోజు నేను నోరు మూసుకున్నది ఆ ఒక్కసారే.

చీకటి పడుతుండగా దయ్యం చూపించే మనిషి వచ్చాడు. పేరు తంకచ్చన్. చర్చి నాటకాల్లో సైతాను వేషం కట్టేవాడట, ఆ గొంతు ఇంకా పోలేదు. చేతిలో లాంతరు పట్టుకుని మమ్మల్ని వరండాలోకి తీసుకెళ్లి మొదలుపెట్టాడు. "అమ్మలారా, అక్కలారా! ఈ ఆస్పత్రిలో ఒక అందమైన నర్సు ఉండేది. ఒక యువ డాక్టర్‌ని ప్రాణంగా ప్రేమించింది. ఆ డాక్టర్ సామాన్యుడా? ఆరడుగుల ఆజానుబాహుడు! కానీ అతను డబ్బున్నవాళ్ల అమ్మాయిని చేసుకున్నాడు. పెళ్లి రోజున ఆ నర్సు దుప్పట్ల గదిలో కూర్చుని కుమిలి కుమిలి ఏడ్చి, ఇదిగో ఈ వరండాలోంచి లోయలోకి దూకేసింది! శవం కూడా దొరకలేదు! నేటికీ రాత్రిళ్లు గజ్జెలు ఘల్లుఘల్లుమంటూ, జుట్టు విరబోసుకుని వార్డుల్లో తిరుగుతుంది. ఆమె పేరు, సిస్టర్ త్రేసియ!"

లాంతరు పైకెత్తి గోడ మీది ఫోటో చూపించాడు. ఏలీ, ఆ ఫోటో నాది. టోపీ పెట్టుకుని, ఆ వంకర పళ్లు కనపడేలా నవ్వుతున్నది నేనే. మేట్రన్ వీడ్కోలు రోజు మనం మెట్ల మీద దిగిన ఫోటో. నాకు ఒకవైపు నువ్వు, ఇంకోవైపు ఇట్టూప్ డాక్టర్. మీ ఇద్దర్నీ కత్తిరించి పారేసి నన్ను ఒక్కదాన్నే పెద్దది చేసి తగిలించారు. అంచున ఒక బూటు మాత్రం మిగిలింది. ఆ ఫోటో మన ముగ్గురి దగ్గరే ఉండేది కదా, వీళ్లకెలా చిక్కిందో తెలియదు.

నేను ఆగలేకపోయాను. "ఒరేయ్, ఆ త్రేసియని నేనే! నర్సులు డ్యూటీలో గజ్జెలు కట్టుకుంటార్రా? జుట్టు విరబోసుకుంటే మేట్రన్ చెవి మెలిపెట్టేది!" అని గట్టిగా అరిచాను. చీకట్లో, ఆ ఫోటో కిందే, తెల్ల చీరలో నిలబడి అరిచాను మరి. మాతృసంఘం మొత్తం ఒక్క కేక పెట్టి మెట్ల కింద పడింది. తంకచ్చన్ లాంతరు వదిలేసి సిలువ గుర్తు వేసుకున్నాడు. వెలుతురొచ్చాక నన్ను ఎగాదిగా చూసి, "అమ్మచ్చీ, వయసులో మతిమరుపు సహజమే, కానీ చచ్చిపోయామా లేదా అన్నది కూడా మర్చిపోతే ఎలా?" అన్నాడు.

ఇదంతా నవ్వులాట కింద పోయేదే. కానీ ఊరికి తిరిగొచ్చాక ఇంకో తమాషా మొదలైంది. నేనే ఆ త్రేసియనని ఇప్పుడు అందరూ నమ్మారు. దూకలేదని మాత్రమే తెలిసింది, మిగతా కథ నిజమే అయివుంటుందని అనుకుంటున్నారు. ఓమన నిన్న మీన్ కర్రీ గిన్నెతో వచ్చి నా చెయ్యి నిమిరి, "ఇన్నేళ్లూ లోలోపల ఎంత కుమిలిపోయారో చేచ్చీ!" అంది. చేపల పులుసు బాగానే ఉందిగానీ నాకు గొంతు దిగలేదు. ఇన్నాళ్లూ నన్ను పెళ్లి చేసుకోని పొగరుబోతు అనేవాళ్లు. ఇప్పుడు పాపం అంటున్నారు. పొగరుబోతే నయం ఏలీ, వెయ్యి రెట్లు నయం. మా మేనల్లుడు జోస్‌మోన్ అయితే మొన్న అన్నం దగ్గర, "అత్తా, ఆ డాక్టర్ ఎవరు? పేరు చెప్పు, వాళ్లింటికెళ్లి అడుగుతాను" అన్నాడు. నేను పేరు చెప్పలేదు.

రేపు మళ్లీ కుయిల్‌పార వెళ్తున్నాను. ఆ తంకచ్చన్ చేత నన్ను నేను బతికించుకుని వస్తాను.

నీ ఆత్మశాంతి కోరుకుంటున్న కాదు, నీ క్షేమం కోరుకుంటున్న
త్రేసియ


పాలా,
ఆదివారం, పూజ అయ్యాక

ఏలిక్కుట్టీ,

ఈ ఉత్తరం రాసి చింపి, మళ్లీ రాస్తున్నాను. కాఫీ తాగి, కుర్చీలో సరిగ్గా కూర్చుని చదువు.

నిన్న వెళ్లేటప్పుడు జర్మనీ పింఛను వాళ్లకి ఏటా పంపే కాగితం నకలు పట్టుకెళ్లాను. నేను బతికే ఉన్నానని డాక్టరు సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చేది. తంకచ్చన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కుర్చీ లాగి నన్ను కూర్చోబెట్టి, తను నేల మీద చతికిలబడ్డాడు. "అమ్మచ్చీ, మీరు బతికున్నారు, ఒప్పుకున్నా. దేవుడు మీకు నిండు నూరేళ్లు ఇవ్వాలి. కానీ మీరు బతికుంటే ఈ మ్యూజియంకి ఎవరొస్తారు చెప్పండి? ఆ కాఫీ పాత్ర చూడటానికొస్తారా?" అన్నాడు.

"అది కాఫీ పాత్ర కాదు నాయనా" అని దాని అసలు పని చెప్పాను. అతని మొహం చూడాలి నువ్వు. పండగకి దాంట్లోనే అందరికీ పాలు లేని కట్టన్ చాయ్ పోశారట.

ఇంతలో అతని భార్య లీలమ్మ లోపల్నుంచి వచ్చింది. నన్ను చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. ఎందుకంటావు? ఆ పిచ్చితల్లి కొన్నేళ్లుగా నా ఆత్మ శాంతి కోసం కొండ కింది చర్చిలో పూజలు చెప్పిస్తోంది! ప్రాణం తీసుకున్నదానికి ఎవరూ లేరు కదా అని, నవంబరులో చనిపోయినవాళ్ల పండగకి నా పేరు కూడా చదివిస్తోందట. చర్చి గోడ అవతల, పాత రోజుల్లో ప్రాణం తీసుకున్నవాళ్లని ప్రార్థన లేకుండా పూడ్చిన మూలన ఒక చెక్క సిలువ పాతి కొవ్వొత్తి వెలిగిస్తోంది. "శవమే దొరకలేదన్నావుగా, సమాధి ఎవరిది మరి?" అని తంకచ్చన్‌ని అడిగాను. "అంత వివరాల్లోకి వెళ్తే భయం పోతుందమ్మచ్చీ" అన్నాడు.

ముగ్గురం కలిసి చర్చికి వెళ్లాం. ఫాదర్ వర్కి చిన్నవాడు, రోమ్‌లో చదువుకొచ్చాడట. సంగతంతా విని గడ్డం గోక్కున్నాడు. "బతికున్నవాళ్ల కోసం కూడా పూజ చెప్పొచ్చు, అందులో తప్పులేదు. కానీ మేం చెప్పింది ఆత్మశాంతి కోసం. అమ్మచ్చీ, మీకు ఈమధ్య శాంతిగా ఉంటోందా?" అన్నాడు.

"ఒక్క పూట కూడా లేదు ఫాదర్" అన్నాను.

"అయితే ఆ పూజల ఫలం మీకు చేరలేదు, ఎక్కడో ఆగివుంటుంది" అన్నాడాయన చాలా గంభీరంగా. "ఎవరికి ఇవ్వాలో మీరే చెప్పండి, మారుద్దాం."

తిరిగి వస్తుంటే తంకచ్చన్ గేటు దగ్గర ఆపాడు. అతని గొంతులో సైతాను లేడు. "సరే అమ్మచ్చీ, మిమ్మల్ని చంపను. కానీ దానికి బదులు నాకొక కథ కావాలి. అసలేం జరిగిందో చెప్పండి, అదే చెప్తాను. వచ్చే శనివారం మళ్లీ బస్సులొస్తాయి" అన్నాడు. నేను నోరు తెరిచాను. తెరిచి, నువ్వు గుర్తొచ్చి మూసేశాను.

ఏలీ, అసలు జరిగింది నీకు చెప్పకుండా ప్రపంచానికి చెప్పడం నాకు చేతకాదు. ఇన్నేళ్లు దాచాను. ఇక వింటావా.

ఇట్టూప్ డాక్టర్ పెళ్లి మాట ముందు నన్ను అడిగాడు. ఎక్కడ అడిగాడో తెలుసా, ఆపరేషన్ థియేటర్‌లో! పెద్ద డాక్టర్ చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు, పేషెంట్ మత్తులో ఉన్నాడు, పొట్ట ఇంకా తెరిచే ఉంది. నేను రక్తం అద్దిన గాజుగుడ్డలు లెక్కపెడుతున్నాను. లోపలికి వెళ్లినవన్నీ బయటికొచ్చాయని నర్సు చెప్పేదాకా కుట్టకూడదు, ఆ లెక్క మధ్యలో పిడుగు పడినా నర్సు నోరు విప్పకూడదు, అది నీకు చెప్పాలా. సరిగ్గా అప్పుడే, "త్రేసియా, నన్ను పెళ్లి చేసుకుంటావా?" అన్నాడు. నేను లెక్క ఆపలేదు. చివరి గుడ్డ బకెట్‌లో పడేసి, "లెక్క సరిపోయింది డాక్టర్, కుట్టెయ్యండి" అన్నాను. పాపం, కుట్టాడు. బయటికొచ్చాక మాత్రం మర్యాదగానే చెప్పాను. జర్మనీ కాగితాలు వచ్చాయనీ, చెల్లెళ్లున్నారనీ, అసలు నాకు పెళ్లి మీద మనసు లేదనీ. అది నిజం. అప్పుడూ లేదు, తర్వాతా లేదు. ఒక్కసారి కూడా అయ్యో అనుకోలేదు.

నెల తిరక్కుండా మీ ఇంటికి కబురు పంపాడు. నువ్వు ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం పట్టుకుని పరుగెత్తుకొచ్చి నా మంచం మీద ఎగిరి దూకావు, మంచం కోడు విరిగింది గుర్తుందా? ఆ మొహం చూసి నేనేం చెప్పేది? ముందు నన్ను అడిగాడని చెబితే నీ సంతోషం సగం అయిపోయేది. చెప్పలేదు. తర్వాత చెప్పడానికి సందర్భం రాలేదు. వస్తే నేనే తప్పుకున్నాను.

దుప్పట్ల గదిలో ఏడ్చిన మాట మాత్రం నిజమే. ఎవరు చూశారో గానీ, నీ పెళ్లి రోజున తలుపేసుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఆయన కోసం కాదు మొద్దూ, నీ కోసం. నీ మంచం మీద పరుపు చుట్టి గోడకి ఆనించారు. రాత్రి డ్యూటీ నుంచి వచ్చి ఎవరితో మాట్లాడాలి, ఎవరితో నవ్వాలి? నాకు ఆ మనిషి మీద అసూయగా ఉండేది, నిన్ను తీసుకుపోయాడని. ఇది కూడా ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు చెప్పు. నేను బతకాలంటే నిజం చెప్పాలి. నిజం చెబితే, వేరొకామె కాదన్నాకే నిన్ను చేసుకున్నాడని నీ కోడలి చెవిన పడుతుంది, మనవళ్ల చెవిన పడుతుంది. ఆయన పోయి ఏడాది తిరిగిందో లేదో, నీ చేతిలోంచి ఆ మాత్రం కూడా లాక్కోవడం నాకిష్టం లేదు. నువ్వు వద్దంటే చచ్చినదానిగానే ఉండిపోతాను. ఓమన చేపల పులుసు తింటాను, పాపం అనిపించుకుంటాను. నా పేరు గోడ అవతలే ఉండనీ. ఏ మాటైనా సరే, శనివారంలోపు రాయి.

నువ్వు ఏం రాసినా నీదే అయిన
త్రేసియ


త్రిశూర్,
బుధవారం

ఒసే త్రేసియా,

నీ ఉత్తరం చదివి పొట్ట పట్టుకుని నవ్వాను. జాన్సీ పరుగెత్తుకొచ్చి నాకు బీపీ చూసింది. నువ్వింత గొప్ప రహస్యం ఇన్నేళ్లు దాచావా! పెళ్లయిన వారానికే ఆయన నాకు చెప్పేశాడే! గుడ్డల లెక్క, బకెట్, "కుట్టెయ్యండి డాక్టర్", అంతా. నేను కూర నాశనం చేసిన ప్రతిసారీ, "త్రేసియని అడిగాను, లెక్క కూడా ఆపలేదు, నా ఖర్మ" అని కంచంలో చెయ్యి కడుక్కునేవాడు. నేను కూడా, "దానికి తెలివుంది, నాకు లేదు" అనేదాన్ని. మా కాపురంలో సగం పోట్లాటలు నీ పేరు మీదే అయ్యాయి, మిగతా సగం కిర్రుమనే ఆయన బూట్ల మీద. నీకు తెలిస్తే బాధపడతావేమోనని నేను చెప్పలేదు. నువ్వేమో నేను బాధపడతానని చెప్పలేదు. ఇంత ముసలివాళ్లమయ్యాం, ఇద్దరికీ బుద్ధి రాలేదు.

ఇక అసలు విషయం విను. నిన్ను చంపింది తంకచ్చన్ కాదు, మా ఆయనే.

ఆ మ్యూజియం తెరిచినప్పుడు పాత డాక్టర్ అని ఆయన్ని పిలిచారు. అప్పటికే చెయ్యి వణుకుతుండేది, చూపు తగ్గింది, ఇంట్లో ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. ఆ తంకచ్చన్ ఒక్కడే పక్కన కూర్చుని, "పాత కబుర్లేమైనా చెప్పండి సార్" అన్నాడు. నేను వెనక బల్ల మీద కూర్చుని కట్‌లెట్ తింటున్నాను. ఆయన మొదట నిజమే చెప్పాడు. ఒక నర్సుని అడిగాను, కాదంది అని. తంకచ్చన్ ఆవలించాడు. వెంటనే ఆయన నిన్ను దుప్పట్ల గదిలో కూర్చోబెట్టి ఏడిపించాడు. తంకచ్చన్ కాస్త ముందుకు జరిగాడు. అంతే, నిన్ను లోయలోకి తోసేశాడు! తనకి ఆరడుగులు కూడా అప్పుడే వచ్చాయి. నా భుజం దాకా వచ్చేవాడా ఆ మనిషి! నన్ను డబ్బున్నవాళ్ల అమ్మాయిని చేశాడు. మా నాన్నకి ఉన్నవి మేకలే కదే. ఇంటికొచ్చాక ఆ ఫోటో నా కుట్టుపని కత్తెరతోనే కత్తిరించి పోస్టులో పంపాడు. తనని తాను కత్తిరించుకోవడానికి చెయ్యి వణికి, బూటు మిగిలిపోయింది.

ఆపలేకపోయావా అంటావు. ఆపలేదు. క్షమించమని కూడా అడగను. ఆ పూట ఆయన నిటారుగా కూర్చున్నాడు త్రేసియా. తిరిగొచ్చేటప్పుడు కార్లో, "ఏలీ, ఒక అమ్మాయి నా కోసం ప్రాణం ఇచ్చిందంటే నమ్మారు చూశావా" అని చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ నవ్వు ఇంకొన్నాళ్లు చూద్దామని నిన్ను చావనిచ్చాను. నీ దాకా వస్తుందని అనుకోలేదు. వచ్చిందంటే ఇక చాలు.

శనివారం నేనే వస్తున్నాను, తంకచ్చన్‌కి కొత్త కథ నేను చెప్తాను. దయ్యం కావలసింది నువ్వు కాదు, ఆయన. పొట్టివాడు, మంచి డాక్టరు, తలకి నూనె ఎక్కువ రాసేవాడు. ఒక నర్సుని అడిగితే లెక్క ఆపలేదు. ఇంకో నర్సుని అడిగితే మంచం కోడు విరగ్గొట్టింది. ఆ రెండోదానితో జీవితమంతా పోట్లాడి, చచ్చాక కూడా ఆమెని వెతుక్కుంటూ వార్డుల్లో తిరుగుతున్నాడు. ఇలాగే చెప్పాలి, ఒక్క మాట మార్చకూడదని తంకచ్చన్‌కి గట్టిగా చెప్తాను. జాన్సీ వింటే విననీ. మనవళ్లు కూడా వస్తున్నారు.

నీ పేరు మీద ఆగిపోయిన ఆ పూజలన్నీ ఆయన పేరుకి మార్చమని ఫాదర్ వర్కికి చెప్పు. అన్ని అబద్ధాలాడి వెళ్లాడు, అవసరం పడతాయి. లీలమ్మ పాతిన సిలువ పీకించకు. నేను వచ్చి దాని ముందు ఒక కొవ్వొత్తి వెలిగిస్తాను, తర్వాత ఆలోచిద్దాం.

ఆయన బూట్లు నా దగ్గరే ఉన్నాయి, జాన్సీ పారేస్తానంటే ఇవ్వలేదు. తంకచ్చన్ కోసం తెస్తున్నాను. దీపం తగ్గించి, అవి వేసుకుని వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడవమందాం. నువ్వు నా పక్కనే, ముందు వరసలో కూర్చో. చీకట్లో కిర్రు కిర్రుమని చప్పుడైనప్పుడు నువ్వు నోరు జారి అరవకు. నన్ను కాసేపు విననివ్వు.

నీ పక్క మంచం,
ఏలిక్కుట్టి